కళాయిలో సీసము



స్టీలు, అల్యూమినియము పాత్రలు వచ్చిన తరువాత మన గ్రామములలో కళాయి పని చాలవరకు తగ్గినది. అయినను పెండ్లిండ్లకు, జాతరలకు, అన్నదానములకు వాడు ఇత్తడి గుండిగలకును, బిర్యానీ వండు రాగి డేగిసాలకును నేటికిని కళాయి కావలసినదే. ఇత్తడి గిన్నెలో పులుసు కాచుకొనవలెనని మరల ముచ్చటపడువారు కూడ ఉన్నారు. కావున ఆ పూత లోహమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ప్రతి శుద్ధ పదార్థమును ఒక నియతమైన ఉష్ణోగ్రత వద్ద కరగును. శుద్ధమైన తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్దను, సీసము 327 డిగ్రీల వద్దను కరగును. ఈ రెండును కలిపినచో ఆ మిశ్రమము ఎప్పుడు కరగును? రెంటి నడుమ ఎక్కడనో అని ఎవరైనను అనుకొందురు. అట్లు జరుగదు. నూటికి సుమారు 62 పాళ్ళు తగరము, 38 పాళ్ళు సీసము ఉన్న మిశ్రమము 183 డిగ్రీలకే నీరైపోవును.

గడ్డకట్టిన లోహములో కణములు వరుసనాటు వేసిన వరిచేనివలె క్రమముగా కుదురుకొని ఉండును. పరాయి కణములు ఆ వరుసలలో సరిగా ఇముడవు. కరగిన లోహములోనైతే సులభముగా కలిసిపోవును. అందుచేత కల్తీ కలిసిన లోహము మరింత చల్లబడిన గాని గడ్డకట్టదు. తక్కువ వేడికే కరగుట అనగా ఇదియే. ఐసుముక్కలలో ఉప్పు వేసి కుల్ఫీ గడ్డకట్టించువారు వాడుకొనునదియు ఈ సూత్రమే. ఉప్పు కలిసిన మంచు సున్నకు దిగువన సుమారు 21 డిగ్రీల వరకు పోగలదు. ఇది అన్ని జంటలకును వర్తించునని మాత్రము అనుకొనరాదు. రాగిలో నికెలు కలిపినచో రెండును ఒకే వరుసలో ఇమిడిపోవును. అచ్చట కరగు వేడి తగ్గదు, పెరుగును.

మరియొక భేదము కలదు. శుద్ధలోహము ఒక్క డిగ్రీ వద్దనే కరగును. కల్తీ లోహము చాలవరకు ముందు మెత్తబడి, కొంతసేపు ముద్దగా నుండి, పిదప నీరగును.

ఇక కళాయి సంగతి. పాత్రను నిప్పులపై కాచి, నవాసారము చల్లి, తగరపు కడ్డీని తాకించి, దూదితో లోపలంతయు రుద్దుదురు. తగరము ఖరీదైనది, సీసము చవుక. సీసము కలిసిన కడ్డీ తక్కువ నిప్పుకే కరగి పని తేలిక చేయును. కల్తీకి ఇంతకంటె ప్రలోభము ఏమి కావలెను? పనివానిని నిందించుట న్యాయము కాదు. తాను బజారులో కొన్న కడ్డీలో ఏమున్నదో అతనికిని తెలియకపోవచ్చును.

చింతపండు పులుసు, టమాటా, పెరుగు తగిలినచో సీసము కొద్దికొద్దిగా కరగి ఆహారములో చేరును. రుచి మారదు, రంగు మారదు. అది ఎముకలలో నిలువయై, పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును, గర్భిణులకును ప్రమాదకరము. ఇంత సీసమైనచో హాని లేదని చెప్పదగిన పరిమాణమేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అమెరికాలో ఆహారపు డబ్బాలను సీసపు టంకముతో అతుకుటను 1995లో నిషేధించిరి.

సీసము లేక పని జరుగదను వాదము నిలువదు. తగరములో నూటికి 3 పాళ్ళు వెండి, అర పాలు రాగి కలిపిన టంకము సుమారు 217 డిగ్రీలకే కరగ నారంభించును. వెండి విడిగా కరగుటకు 962 డిగ్రీలు కావలెను, రాగికి 1085. అయినను తగరములో చేరి అవి దాని కరగు వేడిని తగ్గించుచున్నవి! విద్యుత్ పరికరముల అతుకులకు నేడు ఇట్టి టంకము విరివిగా వాడుకలో నున్నది.

పంచాయతీ పాత్రలకు గాని, బడి వంటపాత్రలకు గాని కళాయి వేయించునపుడు, శుద్ధత ముద్రించిన తగరమును రసీదుతో మీరే కొని పనివాని చేతికిచ్చుట మేలు. టంకపు కడ్డీని పాత్ర లోపల వాడనీయరాదు. శుద్ధ తగరపు కడ్డీని వంచినపుడు చిటచిటమను శబ్దము వచ్చును. సీసము ఎక్కువగా ఉన్న కడ్డీ కాగితముపై గీసినపుడు బూడిదరంగు చార వేయును. ఇవి అనుమానమునకు ఆధారములే గాని నిర్ధారణ కావు. నిర్ధారణ ప్రయోగశాలలోనే జరుగవలెను. అందుకై కొన్న తగరములో చిన్న ముక్కను తేదీ వ్రాసి, రసీదుతోపాటు కార్యాలయములో భద్రపరచి ఉంచుడు.