బంగాళాఖాతంలో పుట్టి మాదాపూర్ చేరే సుడి



2023 జూలై చివరి వారం హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఉద్యోగుల్ని ఒక్కసారిగా వదలొద్దు, మూడు విడతలుగా ఇళ్లకు పంపండని సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలకు చెప్పారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మధ్యాహ్నం 3 గంటలకు లాగౌట్. ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు ఉన్నవి 4.30కి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలి వాళ్లు 3కీ 6కీ మధ్య. అదే వారం ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు అంత వాన ఎక్కడా నమోదు కాలేదు.

వాన వస్తోందని పోలీసులకు చెప్పింది వాతావరణ శాఖ. మరి వాతావరణ శాఖకు అంత ముందుగా ఎలా తెలుస్తుంది? ఉపగ్రహాలు, సూపర్ కంప్యూటర్లు ఉన్నాయి కదా అంటాం. అవి ఉన్నాయి. కానీ ఏ లెక్క చెయ్యాలో ఎవరో చెబితేనే కదా కంప్యూటర్ చేసేది. గాలి క్షణానికో తీరుగా మారుతుంది. వేగం మారుతుంది, దిక్కు మారుతుంది, వేడి మారుతుంది. ఇన్ని మారుతుంటే మారకుండా నిలిచేది ఏదో ఒకటి చేతికి దొరకాలి. అలా దొరికినదాని పేరు పొటెన్షియల్ వోర్టిసిటీ. ఇకనుంచి పొట్టిగా పీవీ అంటాను. మీకు మెహదీపట్నం పీవీ ఫ్లైఓవర్ గుర్తుకొస్తే నా పూచీ లేదు.

ముందు సుడి సంగతి చూద్దాం. మీరు మాదాపూర్‌లో కదలకుండా నిలబడి ఉన్నా నిజానికి తిరుగుతూనే ఉన్నారు. భూమి తిరుగుతోంది, మీతోపాటు మీ నెత్తిమీది గాలి స్తంభమూ తిరుగుతోంది. ధ్రువం దగ్గరైతే ఒక్క రోజులో ఒక చుట్టు. భూమధ్యరేఖ మీద ఆ నిలువు తిరుగుడు సున్నా. మధ్యలో ఉన్న ఊళ్లకు వాటి అక్షాంశాన్ని బట్టి వాటా దక్కుతుంది. ఢిల్లీ కొత్త పార్లమెంటు భవనంలో, ఈ తిరుగుడును కంటికి చూపే ఫూకో లోలకం వేలాడదీశారు. అది ఊగే దిశ మెల్లగా జరుగుతూ చుట్టు పూర్తి చేయడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. అదే లోలకాన్ని హైదరాబాద్‌లో వేలాడదీస్తే సుమారు 80 గంటలు. కోల్‌కతాలో 62, కాకినాడలో 82. కోల్‌కతా, కాకినాడ అంకెలు కాసేపు గుర్తుంచుకోండి.

గాలికి భూమి ఇచ్చిన ఈ తిరుగుడు ఒకటి, తనకు తానుగా తిరిగే సుడి ఇంకొకటి. రెండూ కలిపి, ఆ గాలి స్తంభం మందంతో భాగిస్తే వచ్చేదే పీవీ. స్తంభం నిలువుగా సాగితే సన్నబడుతుంది, సన్నబడితే తిరుగుడు పెరుగుతుంది. కూచిపూడి నర్తకి చేతులు చాచి తిరుగుతూ ఒక్కసారి దగ్గరకు తీసుకుంటే వేగం ఎలా అందుకుంటుందో చూశారు కదా, ఇదీ అంతే. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లు కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం అని బట్టీ పట్టింది దీన్నే. స్తంభం ఎంత సాగినా, ఎంత అణిగినా, ఉత్తరానికి పోయినా దక్షిణానికి వచ్చినా, ఆ భాగహారం జవాబు మాత్రం మారదు.

1930ల చివరి నుంచి 1940 మధ్య దీన్ని మొదట పట్టుకున్నవాడు స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన కార్ల్ గుస్టాఫ్ రాస్‌బీ. 1942లో జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ ఎర్టెల్ దాన్ని ఇంకా విశాలం చేశాడు. స్తంభం మందం అనే మోటు లెక్క బదులు, గాలిలో వేడి పొరలు ఎంత దట్టంగా పేర్చి ఉన్నాయన్నది తీసుకున్నాడు. తిరుగుడును ఆ పొరల పేర్పుతో గుణించి, గాలి సాంద్రతతో భాగిస్తే పీవీ. అసలైన నిర్వచనం ఇదే. మబ్బుల్లో ఆవిరి నీరుగా మారి వేడి విడుదల కానంతవరకు, నేల రాపిడి తగలనంతవరకు, గాలి ముద్ద తన పీవీని వెంటే మోసుకుపోతుంది.

1985లో హాస్కిన్స్, మెకింటైర్, రాబర్ట్‌సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కలిసి రాసిన సుదీర్ఘ వ్యాసం దీని విలువను పదిమందికీ తెలిసేలా చేసింది. ఆకాశంలో పీవీ ఎక్కడెక్కడ ఎంత ఉందో ఒక్క పటం ఇస్తే, అంచుల దగ్గరి వివరాలు కాసిన్ని తోడైతే చాలు, గాలి వేగం, ఉష్ణోగ్రత, పీడనం అన్నీ దానిలోంచి తిరిగి రాబట్టవచ్చు. పెద్ద పెద్ద సుడులకు ఇది చక్కగా కుదురుతుంది. ఒక్క రాశిలో ఇంత సమాచారం ఇముడుతుందంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకు నచ్చకుండా ఉండదు.

పటం గీయాలంటే కొలతలు కావాలి. బేగంపేటలో వాతావరణ శాఖ వాళ్లు రోజూ బెలూన్లు వదులుతారు. తెల్లటి రబ్బరు బెలూన్, దారానికి చిన్న డబ్బా. ఉదయం 5.30 లెక్కకు ఒకటి, సాయంత్రం 5.30 లెక్కకు ఒకటి. ఆ రెండు వేళల్లోనే ప్రపంచమంతటా ఇలాంటి బెలూన్లు పైకి లేస్తాయి. ఒక్కో బెలూన్ నిమిషానికి 300 మీటర్ల చొప్పున ఎక్కుతూ, ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు రేడియోలో కిందికి పంపుతుంది. పైకి పోయేకొద్దీ ఉబ్బి, ఉబ్బి, ఏ 30 కిలోమీటర్ల ఎత్తులోనో పగిలిపోతుంది. పొరల పేర్పు అన్నానే, అది ఈ డబ్బా చెప్పాల్సిందే. ఉపగ్రహం కూడా కొంత చెబుతుంది గానీ, నన్నడిగితే డబ్బా మాటకే విలువ ఎక్కువ.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. వానాకాలంలో మన నేల దగ్గర వీచేది పడమటి గాలి, అరేబియా సముద్రం నుంచి తూర్పుకు. కానీ బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనాలు, వాయుగుండాలు తూర్పు నుంచి పడమటికి వస్తాయి. కింది గాలికి ఎదురీదుతూ వస్తాయన్నమాట. ఎలా?

ఒక జవాబు పైన ఉంది. మన తెలుగువాడు, తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పి. కోటేశ్వరం గారు 1958లో ఒక వ్యాసం ప్రచురించారు. వానాకాలంలో దక్షిణ భారతం మీద, 14, 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమటికి గంటకు 100 కిలోమీటర్లు మించి ఉరికే గాలి ప్రవాహం ఉందని అందులో చూపించారు. తూర్పు జెట్ ప్రవాహం అని ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో చదివేది అదే. ఆ వ్యాసం అచ్చయింది టెల్లస్ అనే పత్రికలో. ఆ పత్రికను 1949లో స్థాపించింది రాస్‌బీయే. అప్పటికి ఆయన పోయి ఏడాది కూడా నిండలేదు. వాయుగుండాల పుట్టుకకూ ఈ పైగాలికీ ఉన్న సంబంధాన్ని కూడా కోటేశ్వరం గారు అదే ఏడాది మరో వ్యాసంలో చర్చించారు. మన పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

రెండో జవాబు పీవీ చెబుతుంది. వాయుగుండం అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి దాని పడమటి అంచున గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. ఇందాకటి అంకెలు గుర్తు చేసుకోండి. కోల్‌కతా అక్షాంశంలో భూమి ఇచ్చే తిరుగుడు ఎక్కువ, కాకినాడ అక్షాంశంలో తక్కువ. పైనుంచి దిగిన గాలికి భూమి వాటా తగ్గింది, మొత్తం మాత్రం మారకూడదు. తగ్గినంత మేర తన సొంత సుడి పెంచుకోవాల్సిందే. తూర్పు అంచున దీనికి తలకిందులు. దక్షిణం నుంచి ఎక్కిన గాలి సుడి కోల్పోతుంది. అంటే పడమట సుడి బలపడుతోంది, తూర్పున నీరసిస్తోంది. సుడి కేంద్రం పడమటికి జరగక ఏం చేస్తుంది? కింది గాలి ఎటు వీచినా సరే. 2015లో శాస్త్రవేత్త విలియం బూస్, ఆయన సహచరులు వాయుగుండాలను ఈ దృష్టితో పరిశీలించి, నేల దగ్గర నుంచి పైదాకా నిలువునా నిలబడిన పీవీ స్తంభమే ఇలా పడమటికి జరుగుతోందని చూపించారు.

మరి మబ్బులో వేడి విడుదలైతే పీవీ మారుతుందని చెప్పాను కదా, సముద్రం మీద జరిగేది అదే. ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడి, ఆ ఎత్తుకు దిగువన పీవీని పెంచుతుంది, ఎగువన తగ్గిస్తుంది. బంగాళాఖాతం వెచ్చని నీళ్లమీద రెండు మూడు రోజులు ఇలా మేపుడు జరిగితే అల్పపీడనం కాస్తా వాయుగుండం అవుతుంది.

2020 అక్టోబర్ 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది అలాంటి తీవ్ర వాయుగుండమే. తీరం దాటితే పని అయిపోయిందనుకుంటాం. నేల రాపిడి సుడిని తింటుంది, నిజమే, కానీ కింది పొరల్లోనే ముందు తింటుంది. నడిమి పొరల్లో దాచుకున్న పీవీ అంత తొందరగా కరగదు. ఆ రాత్రి ఘట్‌కేసర్ మండలంలో ఒకచోట 32 సెంటీమీటర్లు పడింది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. 1903 అక్టోబర్‌లో పడిన సుమారు 12 సెంటీమీటర్లే అప్పటిదాకా ఆ నెలకు అక్కడ రికార్డు. ఆ సుడి అంతటితో ఆగలేదు. బలహీనపడుతూనే మహారాష్ట్ర దాటి, అరేబియా సముద్రంలోకి దిగి, అక్కడ మళ్లీ వాయుగుండమైంది.

సముద్రపు నీటికీ ఇదే లెక్క. హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి మీదుగా వెళ్తే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. 1999లో మొదలైంది. సముద్రం కనుచూపుమేరలో లేని ఊళ్లో కూర్చుని సునామీ హెచ్చరికలూ, జాలర్లకు చేపలు దొరికే చోట్లూ చెబుతారు. సముద్రంలో తేలే ఆర్గో ఫ్లోట్ల భారతీయ సమాచారం చేరేదీ అక్కడికే. ఫ్లోటు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు మునిగి, పైకొస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి చెబుతుంది. బేగంపేట బెలూన్ గాలికి చేసే పని ఇది నీటికి చేస్తుంది. దీనితో నీటి పొరల పేర్పు తెలుస్తుంది, పేర్పు తెలిస్తే పీవీ తెలుస్తుంది.

నీటిలో అంతా నిదానం. అండమాన్ వైపు కలిగిన కదలిక రాస్‌బీ తరంగం అనే అలగా పడమటికి నడిచి మన తీరాన్ని చేరడానికి నెలలు పడుతుంది. ఆ నడక పడమటికే ఎందుకంటే కారణం వాయుగుండానికి చెప్పుకున్నదే. ఫిబ్రవరి నుంచి మే దాకా విశాఖ తీరం వెంట ఉత్తరానికి బలంగా సాగే ప్రవాహం తీరాన్నే అంటిపెట్టుకుని ఉండటం వెనకా, అమెరికా తూర్పు తీరాన గల్ఫ్ స్ట్రీమ్ ఇరుగ్గా, జోరుగా పారడం వెనకా ఉన్నది అక్షాంశంతో మారే భూమి తిరుగుడే.

అలాగని పీవీ అన్ని వానలకూ జవాబు కాదు. మే నెల సాయంత్రం కొండాపూర్‌లో చెట్లు విరిచి, వడగళ్లు కురిపించి గంటలో వెళ్లిపోయే ఉరుముల మబ్బు దీని లెక్కకు అందదు. అది చాలా చిన్నది, చాలా తొందరది. దానికి బేగంపేట డాప్లర్ రాడారే దిక్కు. పీవీ పనికొచ్చేది వందల కిలోమీటర్ల మేర పరుచుకుని రోజుల తరబడి నడిచే సుడులకు.

వచ్చే జూలైలో వాతావరణ శాఖ బులెటిన్ వింటే, ఉపరితల ఆవర్తనం సగటు సముద్రమట్టానికి 7.6 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లే కొద్దీ నైరుతి దిశకు వంగి ఉంది అనే వాక్యం తప్పకుండా వస్తుంది. చాలామంది దాన్ని వదిలేసి, మన జిల్లా పేరు ఉందా లేదా అని చూస్తారు. కానీ అసలు విషయం ఆ వాక్యంలోనే ఉంది. 7.6 అంటే ఆ సుడి స్తంభం ఎంత పొడుగున్నదీ తెలిసింది. 1.5 అని ఉంటే పొట్టిది, అంత భయం లేదు. నైరుతికి వంగి ఉందంటే వాన కూడా కేంద్రానికి నైరుతి వైపే ఎక్కువ. కేంద్రం ఉత్తర కోస్తా, ఒడిశా తీరాల దగ్గర ఉందంటే దానికి పడమర, నైరుతి వైపున ఉన్నది తెలంగాణ. అలాంటి బులెటిన్ వచ్చిన మర్నాడు ఆఫీసుకు లాప్‌టాప్ సంచీతోపాటు గొడుగు కూడా పట్టుకెళ్లండి, కుదిరితే ఇంటినుంచే పనిచేస్తామని మేనేజర్‌ని ముందురోజే అడిగి పెట్టుకోండి.