మాంసపు కోళ్ల దాణాలో సుగంధ తైలములు
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కోళ్ల దాణాలో కలుపుటకని వాము, లవంగము, దాల్చినచెక్క మొదలగువాని తైలములు ఇప్పుడు సీసాలలోను, పొడిరూపమునను అమ్మకమునకు వచ్చుచున్నవి. వీనిని కొనవచ్చునా, కొన్నచో ఎట్లు వాడవలెను అను సంగతి నేడు ముచ్చటించుకొందము.

ఇవి వంటనూనెల వంటివి కావు. గింజనో, మొగ్గనో, బెరడునో నీటి ఆవిరితో బట్టీ పట్టగా వచ్చునవి. వాము నలిపినపుడు ముక్కున కెక్కు ఘాటు థైమాల్ అను పదార్థమువలన కలుగును. లవంగములో ఉండునది యూజినాల్. ఇట్టి పదార్థములు హానికర సూక్ష్మజీవుల పైపొరను దెబ్బతీయును.

పూర్వము కోళ్లు త్వరగా బరువెక్కుటకు దాణాలో యాంటీబయాటిక్ మందులను కొద్దికొద్దిగా కలిపెడివారు. అందువలన మందుకు లొంగని సూక్ష్మజీవులు బలిసి, మనుష్యులకు సైతము ముప్పు ఏర్పడినది. యూరోపియన్ యూనియన్ దేశములు 2006 జనవరి 1 నుండి ఈ వాడుకను మాన్పించినవి. మన దేశమున 2019లో కొలిస్టిన్ అను మందును కోళ్లకుగాని, వాటి దాణాలోగాని వాడరాదని నిషేధించిరి. మందులకు బదులేమని వెదకుటలోనే ఈ తైలములకు గిరాకి కలిగినది.

అయితే దాచక చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. గాజుగొట్టములో సూక్ష్మజీవులను చంపిన తైలము కోడి కడుపులో అంత పని చేయకపోవచ్చును. అందులో చాలభాగము పైప్రేగులలోనే రక్తములోనికి ఇంకిపోయి, క్రిందిప్రేగులకు చేరదు. అందుకే పూత పూసిన పొడులను తయారు చేయుచున్నారు. కొన్ని పరిశోధనలలో మేలు కనబడినది, కొన్నింటిలో కనబడలేదు. షెడ్డు శుభ్రముగా, కోళ్లు ఆరోగ్యముగా ఉన్నచోట తేడా స్వల్పము. తడిసి ముద్దయైన వరిపొట్టును ఏ తైలమూ ఆరబెట్టదు. కొక్కెర తెగులు టీకాకు ఇది బదులు కాదు.

ఇక లెక్క చూడుడు. 2 కిలోల కోడికి, కిలో బరువునకు 1.70 కిలోల దాణా పట్టుచున్నదనుకొందము. తైలము వాడగా అది 1.65కు తగ్గినచో కోడికి 100 గ్రాములు, వేయి కోళ్లకు 100 కిలోల దాణా మిగులును. ఆ బ్యాచికి పట్టిన తైలము ఖరీదు ఈ 100 కిలోల దాణా ధరకు తక్కువైనపుడే మీకు గిట్టును. అమ్మువాని మాట నమ్మి మొత్తము షెడ్డుకు వాడకుడు. నడుమ తడిక కట్టి, ఒకేరోజు వచ్చిన పిల్లలను రెండు భాగములు చేసి, ఒక భాగమునకే పెట్టుడు. రెండింటి దాణాను, బరువును, చావులను వేరువేరుగా వ్రాసికొనుడు.

మోతాదు చీటీపై ఉన్నదానిని మించరాదు. ఘాటెక్కువైన కోడి మేత తగ్గించును. టన్నుకు 100 గ్రాములనగా క్వింటాలుకు 10 గ్రాములే గదా! అంత కొద్దిదానిని ముందుగా కిలో మొక్కజొన్న పిండిలో, పిదప పది కిలోల దాణాలో, ఆపైన మొత్తములో కలుపవలెను. వట్టి తైలమును త్రాగునీటిలో పోయరాదు. అది నీటిలో కలియదు. మూత బిగించి నీడపట్టున ఉంచవలెను, లేనిచో ఆవిరియై పోవును.

కంపెనీవారి దాణాతో ఒప్పందముపై పెంచువారు వారినడుగక ఏమియు కలుపవద్దు. ఆ దాణాలో ఇది ముందే ఉండవచ్చును.