స్వెటరు కథ



స్వెటరనగా చెమట పట్టించునది. చలికి తొడుగుకొను వస్త్రమునకు చెమటతో నేమి పని యని నేను వ్యుత్పత్తి వెదకితిని. వ్యాయామవేళ చెమటపట్టి దేహభారము తగ్గుటకై క్రీడాకారులు ధరించిన దళసరి యున్నిచొక్కాకే మొదట నాపేరు కలిగినది. ఆ జాడ పట్టి పోగా అమెరికావారి బేస్‌బాలు మైదానము చేరితిని. అది మన బిళ్లంగోడువలె కఱ్ఱతో కొట్టి పరుగిడు ఆట. బిళ్లకు మాఱు బంతి.

1849లో న్యూయార్కు నికర్‌బాకరు సంఘమువారు నీలి యున్నిలాగులు, తెల్లని ఫ్లానెలు చొక్కాలు, గడ్డిటోపీలు తమ వేషముగా నేర్పఱచుకొనిరి. 1865లో హార్వర్డు విద్యాలయపు జట్టువారు ఫ్లానెలు చొక్కాల ఱొమ్మున 'హెచ్' అను అక్షరమును కుట్టించుకొనిరి. బాగుగా ఆడినవాడే దాని నుంచుకొనవచ్చును. తక్కినవారు తిరిగి యిచ్చివేయవలెను. పిమ్మట నా యక్షరము స్వెటరుమీదికి ప్రాకినది. క్షయము లేనిది అక్షరమని మన వ్యుత్పత్తి. అక్కడ ఆడకున్న పోవును!

బంతి విసరువాని చేయి చల్లబడిన కండలు బిగిసికొనును. కావున తన వంతు కానివేళ నతడు స్వెటరు తొడిగి కూర్చుండెడివాడు. ఉన్నిపోగులు వంకరలు గలవి. నడుమ చిక్కిన గాలి చలి నాపును. తన తూకములో దాదాపు మూడవవంతు తేమను పీల్చియు ఉన్ని తడి తోపనీయదు. గొంగడి కప్పుకొని వానలో నిలిచిన గొఱ్ఱెలకాపరిని చూచినవారికి నేను వేఱుగ బోధింప నక్కఱలేదు.

1970లో పిట్స్‌బర్గు జట్టు కృత్రిమ తంతువుల దుస్తులు ధరించెను. కొన్నియేండ్లలో తక్కిన జట్లును పాత ఫ్లానెలును విడిచినవి. 1988లో సియాటిలు నగరమున ఎబ్బెట్సు ఫీల్డ్ ఫ్లానెల్సు అను సంస్థ పుట్టి, మఱుగుపడిన జట్ల దుస్తులను పాతపోకడనే మరల కుట్టసాగినది. పాతజట్ల గుఱుతులతో స్వెటర్లును నేడు అమ్ముచున్నారు.

క్రొత్త వస్త్రమునకు పాతవేషమేల యని మా యూరి పెద్ద లొకరు నన్నడిగిరి. వేషమే, కాదనను. కాని ఆ గుఱుతులలో కొన్ని యెవరివో వినుడు. వర్ణభేదముచేత 1880వ దశకమున నల్లవారికి ప్రధానజట్ల తలుపు మూతపడినది. 1920లో రూబ్ ఫాస్టరు వారి జట్లను కూర్చి నీగ్రో నేషనల్ లీగును నెలకొల్పెను. 1947 ఏప్రిలు 15న జాకీ రాబిన్‌సను బ్రూక్లిను జట్టున ఆడుటతో తలుపు తెఱచుకొన్నది. మేటి యాటగాండ్రు వెడలిపోగా ఆ పాతజట్లు క్షీణించినవి. హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టున ఆడిన జాష్ గిబ్‌సను అదే సంవత్సరము జనవరిలోనే, మూడుమాసములు ముందుగా, కన్నుమూసెను. 2024లో నల్లజట్ల లెక్కలను ప్రధాన లెక్కలలో చేర్చగా, జీవితకాలపు బ్యాటింగు సగటులో అతడే ప్రథముడయ్యెను. డెబ్బదియేడేండ్లకు! అట్టి జట్టు పేరు నొకడు ఱొమ్మున ధరించిన, దానిని వట్టి సోకని నేననజాలను.

మన పిల్లలు ఆ దేశమునుండి యిట్టి స్వెటరు తెచ్చినచో, పేరు ఏ జట్టుదో అడుగుడు. చెప్పలేకున్న తెలిసికొని రమ్మనుడు. వేడినీట మాత్రము ఉతుకనీయకుడు. పోగులమీది పొలుసులు పెనవేసికొని, పెద్దవాని చొక్కా పసివానిది యగును. చల్లని నీట ముంచి, మెలిపెట్టి పిండక, చాపమీద పఱచి నీడను ఆరవేయవలెను.