ఆరు వారాల ఆసరా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. సివిల్ ఇంజనీర్‌ని. ఈ రోజు మాత్రం నా ఉద్యోగం గురించి కాదు, మా అవ్వ గురించి చెబుతాను. మనలో చాలామందిమి హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లిపోయాం. మన అవ్వలు, బాపులు ఇక్కడే ఉన్నారు. కాబట్టి ఇది నా ఒక్కడి ఇంటి ముచ్చట కాదు.

మూడేళ్ల కిందట వానాకాలంలో మా అవ్వ పెరట్లో జారిపడింది. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగింది. పట్నంలో ఆపరేషన్ బాగానే జరిగింది. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లన్నీ ఉన్నాయి. మళ్లీ ఎలా నడవాలన్నది మాత్రం లేదు. "విశ్రాంతి" అని ఒక్క మాట ఉంది.

నాతో ఉండమంటే అవ్వ ఒప్పుకోలేదు. "పట్నంల నాలుగు గోడల నడుమ కూసుండి ఏం జెయ్యాలె కొడుకా? నా ఇంట్ల నన్నుండనియ్యి" అన్నది. బాసరకే తీసుకొచ్చి, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాను. "అవ్వను మంచం దిగనియ్యొద్దు" అని గట్టిగా చెప్పాను. ఆ అమ్మాయి నా మాట తప్పలేదు. అన్నం తినిపించింది, తల దువ్వింది, అన్నీ మంచం దగ్గరికే తెచ్చింది. మూడు వారాల తర్వాత వచ్చి చూస్తే అవ్వ తనంతట తాను లేచి కూర్చోలేకపోతోంది. కాళ్లు సన్నబడ్డాయి. అంతకన్నా బాధ కలిగించింది ఏమిటంటే, లేవాలని అడగడం కూడా మానేసింది. ఆ తప్పు నాది.

అప్పుడు నిజామాబాద్ నుంచి ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించాం. చిన్న వయసు అమ్మాయి. ఎముక మీద ఎంత బరువు మోపవచ్చో ముందు ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగింది. తర్వాత నన్ను కాదు, అవ్వను అడిగింది: "అవ్వా, నీకు నువ్వే ఏం చేసుకోవాలనుంది?"

"నా చాయ నేను పెట్టుకోవాలె. ఎవరి చెయ్యి పట్టకుండ బాత్రూంకు పోవాలె. గోదారికాడికి పోవాలె."

ఆ మూడు కోరికలే మాకు ఆరు వారాల పనయ్యాయి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాం, లేవడం సులువైంది. గడపకు పక్కన వెల్డింగ్ షాపులో చేయించిన పైపు బిగించాం. నేను టేపు తీసి మూడడుగులకు గుర్తు పెట్టబోతే ఆ అమ్మాయి ఆపి, "సార్, అవ్వను నిలబెట్టి చెయ్యి ఎక్కడికి వస్తుందో చూడండి" అన్నది. ముప్పై ఏళ్ల అనుభవం అక్కడ తలవంచింది. బాత్రూంలో కుర్చీ కమోడు పెట్టాం. చాయ డబ్బా, చక్కెర డబ్బా చేతికందే ఎత్తుకు దించాం.

వారానికి రెండు రోజులు ఆమె వచ్చేది. మిగతా రోజుల్లో ఇంట్లో మనిషి చేయించేది. ఇద్దరికీ ఒకటే నియమం: అవ్వ చేయగలిగింది అవ్వే చేయాలి, ఎంత ఆలస్యమైనా సరే. మొదటి రోజు వాకర్‌తో నాలుగడుగులు. నాలుగో వారానికి వంటింటి దాకా. ఆరో వారంలో నేను వచ్చిన రోజు అవ్వ స్టవ్ ముందు నిలబడి, "చక్కెర తక్కువేద్దునా?" అని నన్నడిగింది. ఆ చాయ రుచి నేను మరిచిపోలేదు.

స్లాబు వేయడానికి సెంట్రింగు పెడతాం. ముందే తీస్తే కూలుతుంది. బలం వచ్చాక కూడా తీయకపోతే ఆ గదిలో ఎవరూ కాపురం ఉండలేరు. అవ్వకు నేను పెట్టిన సాయం తీయని సెంట్రింగు లాంటిది.

ఇది కొత్త సంగతేమీ కాదు. డెన్మార్క్‌లో ఫ్రెడెరిసియా అనే పట్టణం 2008లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. పని చేసిపెట్టడం కన్నా, చేసుకోవడం మళ్లీ నేర్పడం వాళ్ల విధానం. 2015 నుంచి అక్కడ అది చట్టంలోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇలాంటి సాయం ఆరు వారాల దాకా ఉచితం. మన దేశంలోనూ 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ, మంచం పట్టినవారి ఇంటికి వెళ్లి చూడడం ఉన్నాయి. మనం వెళ్లి అడగాలి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది.

అందరూ లేచి తిరుగుతారని నేను చెప్పను. మా అవ్వ కూడా ఘాటు మెట్లు దిగలేదు. పై మెట్టు మీద కూర్చుంటుంది, పక్కింటి పిల్లవాడు చెంబుతో గోదావరి నీళ్లు తెచ్చిస్తాడు. అవే నెత్తిన చల్లుకుంటుంది. కానీ ఇంటికి తాళం వేసేదీ తీసేదీ ఆమే.

మన సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో కొంతతో పది వాకర్లు, నాలుగు కమోడు కుర్చీలు, కొన్ని చేతికర్రలు కొందాం. ఆరు వారాలు వాడుకుని తిరిగి ఇచ్చేలా ఊరివాళ్లకు ఇద్దాం. ఫిజియోథెరపిస్టు రాకపోకల ఖర్చు పేదింటికి మనం భరిద్దాం. మొదటి రెండు వాకర్లు నావి. అందులో ఒకటి మా అవ్వ వదిలేసినది.

సరస్వతమ్మ సన్నిధిలో పిల్లల చేయి పట్టి అక్షరం దిద్దిస్తారు. మన సార్లూ అలాగే పట్టుకున్నారు, సమయం చూసి వదిలారు. అందుకే మనం ఇంత దూరం వెళ్లగలిగాం. మనల్ని కన్నవాళ్ల చేయి కూడా అలాగే పట్టుకుందాం.