ఆగడంలోనే తేడా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



రిటైరైన కెమిస్టుకి మైకిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పది నిమిషాల్లో దిగిపోతాను.

నా ఉద్యోగమంతా గ్యాస్ క్రొమటోగ్రఫీతోనే గడిచింది. మన తార్నాక ఐఐసీటీలాంటి చోట్ల రోజూ వాడే పరికరమే. సన్నటి గొట్టం, అందులో నూనెలాంటి ద్రవం. హైడ్రోకార్బన్ల ఆవిరిని నైట్రోజన్‌తో తోస్తే ఒక్కొక్కటీ విడివిడిగా బయటికొస్తాయి. సాయంత్రం జనరల్ బజారులో నడిచేవాళ్లను తలుచుకోండి. మా అమ్మ ప్రతి చీరల కొట్టు దగ్గరా ఆగేది. నాన్న ఆగేవారు కాదు. నడక ఒకటే, ఆగడంలోనే తేడా.

పెంటేన్ 36 డిగ్రీలకు మరుగుతుంది, హెక్సేన్ 69కి, హెప్టేన్ 98కి. బయటికొచ్చేదీ అదే వరసలో. ఒక్కో కార్బన్ పెరిగినప్పుడల్లా, ఆ ద్రవంలో కరిగితే తగ్గే గిబ్స్ శక్తి దాదాపు ఒకే మేరకు పెరుగుతుంది. అందుకే వేడి మారకుండా ఉంచి, ఆగిన కాలానికి లాగరిథమ్ తీస్తే సరళరేఖ వస్తుంది. 1958లో కొవాట్స్ దీన్నే కొలబద్ద చేశాడు: హెక్సేన్‌కు 600, హెప్టేన్‌కు 700. వేడి మార్చి మళ్లీ కొలిస్తే, కరిగేటప్పుడు వెలువడే ఉష్ణమెంతో కూడా తేలుతుంది. ఈ లాగరిథమ్‌లు బతుకులో ఎందుకండీ అని మన లెక్కల మాస్టారిని అడిగినవాణ్ణి నేనే.

అయితే వరసంతా మరుగు స్థానానిదే అనుకోవడం నా పొరపాటు. కొత్తలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఉండగా, చెప్పుల జిగురులో వాడే ద్రావకం నమూనా వచ్చింది. బెంజీన్ ఉందా లేదా చెప్పాలి. ఏళ్ల తరబడి పీలిస్తే రక్త క్యాన్సర్ తెచ్చే సరుకది. సైక్లోహెక్సేన్ చోట ఒకే పీక్ కనిపించింది. "బెంజీన్ లేదు" అని సంతకం చేశాను.

"ఇంకో కాలమ్ మీద వేశావా నాయనా?" అన్నారు మా సీనియర్.

వేయలేదు. బెంజీన్ 80.1 డిగ్రీలకు మరుగుతుంది, సైక్లోహెక్సేన్ 80.7కి. నా స్క్వాలేన్ కాలమ్ మీద రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి. కొండంత సైక్లోహెక్సేన్ పక్కన కాస్త బెంజీన్ ఉంటే కనపడదు. అదే పాలిఇథిలీన్ గ్లైకాల్ కాలమ్ మీదైతే బెంజీన్ బాగా వెనకబడుతుంది. దాని ఎలక్ట్రాన్లకూ ఆ ద్రవానికీ పొత్తు ఎక్కువ. చీరల కొట్లు దాటేసిన నాన్న కూడా పుస్తకాల కొట్టు దగ్గర ఆగిపోయేవారు.

మళ్లీ వేశాను. వెనకగా చిన్న పీక్.

అప్పటికే రిపోర్టు వెళ్లిపోయింది. ఎండలో సైకిలు తొక్కుకుంటూ పోయాను. రేకుల షెడ్డు, మూసిన కిటికీలు, ఆరేడుగురు ఆడవాళ్లు వేళ్లతో జిగురు పూస్తున్నారు. ముందు ఆ కిటికీలు తెరిపించి, తర్వాత నా కాగితం వెనక్కి అడిగాను.