క్వారీ అంచున పక్షిగూడు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ ఉదయము మన ధ్యానము కొరకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము, 6, 7 వచనములు తీసుకొన్నాను. దారిలో పక్షిగూడు కనబడితే పిల్లలను తీసుకొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని మోషే అక్కడ చెప్పుచున్నాడు. పది ఆజ్ఞలిచ్చిన దేవుడు పక్షిగూటికి కూడా ఆజ్ఞ ఇచ్చెనా అని సెమినరీ రోజుల్లో నేను నవ్వుకొన్నాను.

మా సంఘములో సగం కుటుంబములు రాతి క్వారీలో పనిచేసేవారే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు వంటి పేరున్న రాయి కాదు, కంకర రాయి. 2024 జనవరిలో అక్కడ బండ అంచున పెద్ద కొమ్ముల గుడ్లగూబ ఒకటి మూడు గుడ్లు పెట్టింది. ఈ పక్షి పుల్లలతో గూడు కట్టదు. వట్టి నేలమీదనో రాతి అంచుమీదనో గుడ్లు పెట్టి సుమారు 33 రోజులు పొదుగుతుంది. "అరిష్టం, రాయి పెట్టి కొట్టండి" అన్నారు కొందరు. అన్నవారిలో మన విశ్వాసులు కూడా ఉన్నారని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. శకునముల భయము బాప్తిస్మపు నీళ్లలో అంత సులభముగా కొట్టుకొనిపోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గుడ్లగూబను చంపుట నేరమని చెప్పినా వినలేదు.

ఊరి బడిలో సైన్సు మాస్టారు పిల్లలకు ఆ గూబను చూపించారు. క్వారీలోకి తీసుకొనిపోలేదు, బ్లాస్టింగు జరిగే చోట పిల్లలకేమి పని? దూరముగా చెరువు కట్టమీద నిలబెట్టి బైనాక్యులర్‌తో చూపించారు. గూబ కక్కిన ఉండలను ఒక కూలీ ఏరి తెచ్చి ఇస్తే పిల్లలు విప్పి చూచారు. అన్నీ ఎలుకల పుర్రెలు, ఎముకలు! వాళ్ల చేలలో పంట కొరికే ఎలుకలే. ఆ సాయంత్రము అరిష్టమన్న తాతలకు ఆ పిల్లలే జవాబు చెప్పారు. నా ప్రసంగములు చేయలేని పని ఒక ఎలుక పుర్రె చేసింది.

గూబ పిల్లలు ఎగిరేదాకా ఆ వైపు బ్లాస్టింగు ఆపమని బడిపిల్లలు యజమానికి ఉత్తరము వ్రాశారు. ఆయన ఒప్పుకొన్నాడు. కాని ఆ వైపు పనిచేసే ముఠాకు కూలి పోయింది. ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, గూబ పిల్లలు బతకాల, సరే. నా పిల్లలకు బియ్యం ఎవరు పోస్తారు?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. ఇంటికి వెళ్లి ఆ రెండు వచనములే మరల చదివాను. ఆ ఆజ్ఞ ఆకలిగొన్నవానిని వట్టిచేతులతో పంపలేదు. తీసుకొనుటకు హద్దు పెట్టింది, అంతే. ఆ హద్దు వలన కలిగే నష్టము ఒక్కరి నెత్తినే పడవలెనని కూడా అక్కడ లేదు. తరువాతి ఆదివారము పెద్దల ఎదుట ఈ మాట పెట్టాను. అవతలి వైపు పనిని రెండు ముఠాలు వంతులవారీగా పంచుకొన్నాయి. చాలనివారికి స్త్రీలు కూడబెట్టిన పిడికెడు బియ్యములో నుండి ఇచ్చాము. సంతోషముగా ఇచ్చినవారున్నారు, సణిగినవారూ ఉన్నారు.

మూడు గుడ్లలో రెండే పిల్లలయ్యాయి. ఏప్రిల్‌లో ఒక సాయంత్రము, కట్టమీద రోజూ లెక్క వ్రాసుకొనే ఐదో తరగతి పిల్ల పరుగెత్తుకొని వచ్చి, "రెండోది కూడా ఎగిరిందయ్యగారూ!" అని చెప్పింది. ఆ సోమవారమే అక్కడ పని మొదలుపెట్టారు.

ప్రార్థించుకొందము. తండ్రీ, క్వారీలో పనిచేయు మా సహోదరీ సహోదరుల కళ్లను, చేతులను కాపాడుము. ఆ గూబ మరల వచ్చినప్పుడు దానికొక అంచు మిగిలియుండనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.