మడత అంటుకత్తి: మూయుటలో మెలకువలు

(తార్నాకలో పండ్లతోటల రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



ఈ తార్నాకకును పండ్లతోటలకును పాత సంబంధము కలదు. ఉర్దూలో తార్ అనగా తీగ, నాకా అనగా కావలి స్థలము. ఇచ్చటి తోటకు తీగకంచె వేసి కావలి పెట్టుటచే ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. హైదరాబాదు వ్యవసాయ కళాశాల కూడ, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడువరకు, ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందనే నడిచినది. కావున అంటుకత్తిని గురించి చెప్పుకొనుటకు ఇది తగిన చోటు.

బత్తాయికి కన్ను అంటు కట్టునపుడు బెరడు ఒక్క కోతతో తెగవలెను. మొద్దు కత్తి బెరడును నలుపును, కన్ను ఎండిపోవును. అనేక కత్తులు మొద్దుబారుట కోయుటచే కాదు, మూయుటచేతనే.

మడత కత్తి పిడి వీపున ఉక్కు కమాను ఉండును. అలుగు ఒక రివెట్టు మీద తిరుగును. కమాను అలుగు మొదలును నొక్కి, తెరచినపుడు తెరచినట్లు, మూసినపుడు మూసినట్లు నిలుపును. కాని ఇది తాళము కాదు. మూత దగ్గరపడగానే కమాను అలుగును లోనికి లాగును. అప్పుడు వ్రేలు గాడిలో ఉన్నయెడల తెగును. అలుగును టక్కున విడిచినచో వాదర కమానుకు తగిలి మొద్దుబారును. అందుచే ఒక చేతితో పిడిని ప్రక్కల పట్టుకొని, రెండవ అరచేతితో అలుగు వీపును నొక్కుచు చివరివరకు నెమ్మదిగా దించవలెను.

అలుగు మొదట, వాదర ప్రక్కన, చిన్న బొడిపె ఉండును. అది కమానుపై ఆని వాదరను తాకనీయదు. సానపట్టునపుడు ఈ బొడిపెను అరగదీయరాదు. గాడిలో సన్నని కాగితము పెట్టి మూసి చూడుడు. కాగితముపై వాదర గీత పడినచో బొడిపె అరిగినదని తెలియవలెను.

కత్తి బిగుసుకొనుటకు ఎండిన సొన, దుమ్ము, తుప్పు కారణములు. అగ్గిపుల్ల చెక్కి గాడిని శుభ్రము చేయుడు. రివెట్టు వద్ద రెండు చుక్కల కిరసనాయిలు వేసి, పదిమార్లు తెరచి మూసి, గుడ్డతో తుడిచి ఆరనిండు. తరువాత ఒక్క చుక్క కుట్టుమిషను నూనె చాలును. వేరుసెనగ నూనె వాడవద్దు. అది గాలి తగిలి చిక్కబడి, దుమ్ముతో కలిసి జిగురగును.

అలుగు ప్రక్కలకు ఊగుచున్నచో రివెట్టు వదులైనదన్నమాట. పిడిని ఇనుప దిమ్మెపై నుంచి చిన్న సుత్తితో మెల్లగా తట్టి, తట్టిన ప్రతిసారి తెరచి చూడవలెను. ఎక్కువ కొట్టినచో కత్తి కదలదు. కమాను పగిలినచో ఆ కత్తిని వాడరాదు.

మరొక ముఖ్య విషయము. నిమ్మజాతి చెట్లలో ఎక్సోకార్టిస్ అను తెగులు కత్తికంటిన రసము ద్వారా చెట్టునుండి చెట్టుకు పోవును. మంటకు చూపుట, స్పిరిటుతో తుడుచుట దీనికి చాలవు. 5 శాతము సోడియం హైపోక్లోరైట్ ద్రావణము ఒక పాలు, నీరు నాలుగు పాళ్లు కలిపిన 1 శాతము ద్రావణము తయారగును. చెట్టు మారినప్పుడెల్ల అలుగును అందులో ముంచి, మంచి నీటితో కడిగి తుడువవలెను. ఈ మందు ఉక్కును తినివేయును. కావున రివెట్టు వరకు ముంచవద్దు. ఆనాటి పని ముగియగానే నూనె చుక్క వేయుట మరువవద్దు. మరునాడు కోయుటకు ముందు వాదరపై నూనె లేకుండ తుడువవలెను. నూనె అంటిన కోత సరిగా అతుకదు.

సాయంకాలము ఐదు నిమిషములు ఈ పనికి కేటాయించినచో వ్రేళ్లు, అంటులు, తోట మూడును క్షేమముగా నుండును.